వసంతమ్మ తోమిన అద్దం

తిరుపతిలో మా కాలేజీ ల్యాబు అటెండరు వరదయ్యకు చుక్కల పిచ్చి. 1977లో టెలిస్కోపు చేసుకుందామని మద్రాసు మూర్ మార్కెట్‌కు పోయి, పాత ఓడ కిటికీలకు వాడిన గాజు బిళ్ళలు రెండు సంచిలో వేసుకొచ్చాడు. లారీ షెడ్డులో వాల్వులు అరగదీసే కార్బోరండం పొడి తెచ్చి, నీళ్ళ పీపా మీద ఒక బిళ్ళ పెట్టి, దాని మీద రెండోదాన్ని రుద్దడం మొదలుపెట్టాడు. పై బిళ్ళలో కొద్దికొద్దిగా గుంట పడాలి. ఆ గుంటే దూరపు వెలుగును ఒకచోటికి చేరుస్తుంది. పీపా చుట్టూ తిరుగుతూ ఎనిమిది నెలలు రుద్దాడు. వరదయ్య పిండి రుబ్బుతున్నాడని వీధి వీధంతా నవ్వింది. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు!

కెమిస్ట్రీ డెమాన్‌స్ట్రేటరును కాబట్టి ఆ గాజు అద్దం కావడానికి వెండి పూత పెట్టే పని నా మీద పడింది. అమోనియా కలిపిన సిల్వర్ నైట్రేటు ద్రావణంలో గ్లూకోజు పోసి ముంచితే గాజు మీద వెండి పేరుకుంటుంది. ఏమాత్రం జిడ్డున్నా పట్టదు. నేను పెట్టిన పూత మచ్చలు మచ్చలుగా పట్టింది. అయినా రేకు గొట్టంలో బిగించి, చందమామ మీది గుంతలన్నీ చూశాం.

వరదయ్యకు అది చాల్లేదు. "గొల్లకావడి కింద మేఘం ఉండాదంట సార్. ఆడ కొత్త చుక్కలు పుడతా ఉండాయంట. అది సూడాల" అన్నాడు. గొల్లకావడి, అంటే వరసగా ఉండే ఆ మూడు చుక్కలు, సాయంత్రం పూటే పైకి రావాలంటే చలికాలం దాకా ఆగాలి. ఈలోగా పొయ్యి పొగకు పూత నల్లబడింది.

డిసెంబరులో ఒక గురువారం వరదయ్య మా ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"సార్, మా వసంత అద్దం తోమేసింది!"

పోయి చూస్తే, అతని భార్య వసంతమ్మ శుక్రవారం పూజకు కుందులు తోముకుంటోంది. పక్కనే, గొట్టంలోంచి తీసిన అద్దం. వెండి పొరంతా పోయి ఉత్త గాజు మిగిలింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ముట్టుకునే ముందు ఒక మాట అడగాలని తెలీదా?" అని అరిచాను.

"వెండి అని మీరే గదా సార్ చెప్పినారు? వెండి నల్లబడితే తోమక ఏం జేస్తారు?"



వరదయ్య ఇవేవీ వినడం లేదు. పూత మళ్ళీ పెట్టుకోవచ్చు. గాజు మీద గీతలు పడ్డాయంటే మాత్రం ఎనిమిది నెలల చాకిరీ నీళ్ళపాలు. మళ్ళీ అరగదీసే ఓపిక తనకు లేదని దారిలోనే చెప్పాడు. వసంతమ్మ ఎదురుగా కూర్చుని అడిగాడు.

"బూడిద ఏసినావా మే?"

"వెండికి ఎవురైనా బూడిద ఏస్తారా? గీతలు పడిపోవా?" అని గయ్యిమంది వసంతమ్మ. "చింతపండు నానేసి, మెత్తగా పిసికి, పాత పంచె గుడ్డతో తుడిచినా. నా సేతులు నాకు తెలీవా?"

వరదయ్య అద్దాన్ని ఒళ్ళోకి తీసుకున్నాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో నాకు అర్థం కాలేదు. తర్వాత గదిలో తలుపులు మూసి, దీపం పెట్టి, అద్దాన్ని అంగుళం అంగుళం పరీక్షించాం. ఒక్క గీత లేదు. "అమ్మయ్య!" అని అందరికంటే గట్టిగా అన్నది నేనే. వసంతమ్మకు క్షమాపణ చెప్పుకున్నాను. ఆమె పట్టించుకోలేదు, కుందులకు వత్తులు వేసుకుంటోంది.

ఆదివారం మళ్ళీ పూతకు కూర్చున్నప్పుడు గాజు కడగమని ఆమెనే అడిగాను. పదేళ్ళుగా పరీక్షనాళికలు కడిగించినవాణ్ణి, అంత శుభ్రమైన గాజు నేను చూడలేదు. ఈసారి వెండి ఒక్క మచ్చ లేకుండా పట్టింది.

సంక్రాంతి దాటాక ఒక సాయంత్రం మిద్దె మీద గొట్టాన్ని గొల్లకావడి కిందికి తిప్పి, వరదయ్య తాను చూడకుండా ముందు ఆమెను పిలిచాడు. వసంతమ్మ కన్ను పెట్టింది. పొగలాంటి మేఘం, దాని నడుమ నాలుగు చిన్న చుక్కలు ఉన్నాయంది. తిట్లు పడ్డ రోజు కూడా చెక్కుచెదరని మనిషి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఆ పొద్దు అద్దం నా సేతుల్లో పోయుంటే, ఇదంతా పోయేదా?"

"పోలేదు గదా మే" అన్నాడు వరదయ్య, గొట్టాన్ని వెంట్రుకవాసి జరుపుతూ. "ఇంకొంచేపు సూడు."