మా పిన్ని లంగాలూ, కనానీయులూ

ఇప్పుడంటే ఎవరేమన్నా "సర్లెండి" అని నవ్వేసి ఊరుకుంటున్నాను గానీ, ఇరవై నాలుగేళ్ళ వయసులో, కువైట్‌కి కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో, నా కోపం నాకంటే నాలుగడుగులు ముందు నడిచేది. ఫర్వానియాలో మా పిన్నితో కలిసి ఒక గదిలో ఉండేదాన్ని. పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్లో పని. రోజంతా నోరు తెరవనని మొండికేసే వాళ్ళని బతిమాలి బతిమాలి, నా నోరు మూతపడటం మర్చిపోయిందని పిన్ని అనేది. పిన్ని అంటే మా అమ్మ చెల్లెలు. కోనసీమ మనిషి. బాబాయి చిన్న వయసులోనే పోతే ఈ దేశం వచ్చి, ముబారక్ అల్ కబీర్‌లో ఒక ఇంట్లో పన్నెండేళ్ళు వంట చేసింది. ఆ ఇంటి మామా (ఇక్కడ యజమానురాలిని అలాగే పిలుస్తారు) కాలం చేశాక, ఆవిడ కూతురి దగ్గర ఒక పూట పనికి కుదిరి, రెండో పూట కుట్టు మిషను ముందు కూర్చునేది. కుట్టేది లంగాలు. చీర కట్టేవాళ్ళకే తెలిసిన కష్టం ఒకటుంది. ఇక్కడ పట్టుచీర దొరుకుతుంది, మెళ్ళోకి బంగారం దొరుకుతుంది, నడుముకి సరిగ్గా కూర్చునే లంగా మాత్రం దొరకదు. పిన్ని కుట్టిన లంగా బొందు తెగిందన్న మాట నేనెప్పుడూ వినలేదు.

శుక్రవారం సెలవు గనక ఆ రోజు పొద్దున్నే మా వీధి చివర ఫ్లాట్లో తెలుగువాళ్ళ ప్రార్థన కూటం జరిగేది. ఫ్లాట్ మైకు మావయ్యది. ఆయన మాకు చుట్టమేమీ కాదు, కడప వైపు ఆయన. షువైఖ్‌లో కార్ల విడిభాగాల షాపులో సేల్స్‌మన్. మైకు అక్కర్లేకుండానే కింద అంతస్తులో కొట్టువాడికి కూడా వాక్యం వినిపించగలడు కాబట్టి ఆ పేరు. మంచివాడు. ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా ముందు ఆయన కారే వచ్చి వాకిట్లో ఆగేది. ఒకటే ఇబ్బంది, కోపం వస్తే ఆయనకి మామూలు మాటలు చాలవు, పరిశుద్ధ గ్రంథంలోకి దిగిపోతాడు. కూటం అయ్యాక భోజనాలు. బిరియానీ మా పిన్నిదే. అందుకని ఆ గంటన్నరా ఆవిడ వంటగదిలో ఉండి, తలుపు సందులోంచి పాటలకి గొంతు కలిపేది. నేను హాల్లో వెనక వరసలో, లంగాల సంచి పక్కన పెట్టుకుని కూర్చునేదాన్ని. భోజనాలయ్యాక ఆడవాళ్ళు వచ్చి తీసుకునేవాళ్ళు. (నేను కూటానికి బిరియానీ కోసం వెళ్ళేదాన్నా, లంగాల కోసమా, ప్రార్థన కోసమా అని అడగకండి. దేవుడికి తెలుసు, ఆయనెప్పుడూ అడగలేదు.)

ఆ శుక్రవారం అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉన్నారు. నాకు కాలు తిమ్మిరెక్కి కాస్త జాపాను. సంచి ఒరిగింది. ఊదా రంగు లంగా ఒకటి జారి, దాని బొందు చాపకింద నీరులా నేల మీద సాగి, సరిగ్గా మైకు మావయ్య పాదాల దగ్గరికి చేరింది. నేను తీయబోయేలోపు ఆయన "ఆమెన్" అని కళ్ళు తెరిచాడు. కిందికి చూశాడు, నా వైపు చూశాడు.

"ఏం పాపా, ఇది దేవుని మందిరమనుకుంటివా, సూక్ బజారనుకుంటివా?" అన్నాడు.

"పొరపాటున జారిందండి," అన్నాను.

"జారేదానికి అసలిక్కడికి ఎందుకు తెస్తివి?" అని గ్రంథం తిప్పాడు. ఒక ప్రవక్త పుస్తకంలో ఆఖరి మాట పట్టుకున్నాడు. ఒకానొక దినాన దేవుని మందిరంలో కనానీయుడన్నవాడే ఉండడని దాని సారం. అది చదివి, కనానీయులంటే శాపం తగిలిన జనమనీ, అంగడి బుద్ధి పట్టిన వాళ్ళంతా ఆ జనంతో సమానమనీ పదిహేను నిమిషాలు దంచాడు. "కననీయులకు మందిరంలో చోటు ల్యా. ఖలాస్," అని ముగించాడు. ఆయన యాసలో దీర్ఘం ఎగిరిపోయిందని అప్పుడు నేను పట్టించుకోలేదు. అంతకు ముందు వారం నాలుగు లంగాలకి కొలతలిచ్చిన ఆడవాళ్ళు కూడా నేనెవరో తెలియనట్టు పైన ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా బిరియానీ తిన్నాను. (రెండుసార్లు వడ్డించుకున్నాను. కోపంలో ఆకలెక్కువ.)

పిన్ని ఆ రోజు ఇంటికి రాగానే మిషను మీద గుడ్డ కప్పేసింది. శనివారం ఆ గుడ్డ తీయలేదు. ఆదివారమూ తీయలేదు. సోమవారం నేను పని నించి వచ్చేసరికి మంచం కింది పెట్టె బయటికి లాగి, బట్టలు మడతపెడుతోంది. "ఎల్లిపోతానే. మామా కూతురికి సెప్పేశాను. వచ్చే నెల టికెట్టు తీయించెయ్యి," అంది. నేను హడలిపోయాను. ఈ దేశంలో నాకున్న ఇల్లూ వాకిలీ ఆవిడే. ఒక సంచి జారినందుకు దేశం వదిలిపోతారా ఎవరైనా అని అరిచాను, అలిగాను, అన్నం మానేస్తానన్నాను (మానలేదు). చివరికి పెట్టె మీద ఎక్కి కూర్చుని, అసలు సంగతి చెప్పేదాకా లేవనన్నాను.

గోడ వైపు తిరిగి చెప్పింది. "కనని వాళ్ళకి మందిరంలో సోటు లేదన్నాడు కదే. అందరి ముందూ అన్నాడు. దేవుడు నా కడుపున ఒక్క కాయైనా ఇవ్వలేదు, అది నా తప్పా? పదేళ్ళ నించి ఆళ్ళందరికీ వండి పెడతన్నాను. ఇంక ఆ గడప తొక్కను."

నాకు ఒక్క క్షణం బుర్ర పని చెయ్యలేదు. తర్వాత అర్థమైంది. వంటగదిలో పొయ్యి చప్పుడు, పైన ఫ్యాను గోల, ఆయన కడప యాస, అన్నీ కలిసి ఆవిడ చెవిలో పడేసరికి ఆ మాట అలా తయారైంది. "కనని కాదు పిన్నీ, కనానీ. కనాను దేశం వాళ్ళు. నువ్వు పాటల్లో పాడతావే, ఆ కనాను," అన్నాను. పిన్ని నన్ను ఎగాదిగా చూసింది. నమ్మిందో లేదో తెలీదు. "ఏదైతే ఏంటి? సోటు లేదన్నాడా లేదా?" అంది. దానికి జవాబు మైకు మావయ్యకి చెప్పాలి గానీ పిన్నికి చెప్పి లాభం లేదు.

మర్నాడు క్లినిక్‌లో లెబనాన్ మదాంని పట్టుకున్నాను. ఆవిడ మా డాక్టరుగారి సహాయకురాలు, పెద్దావిడ, క్రైస్తవురాలు. "మదాం, కనానీయులంటే ఎవరు?" అని అడిగాను. ఆవిడ చేతి తొడుగు విప్పి, గుండె మీద చెయ్యేసుకుని, "అనా కనానియ్యా. నేనే," అంది. లెబనాన్ సముద్రపు ఒడ్డు వాళ్ళు చాలామంది తాము కనానీయుల వారసులమనే చెప్పుకుంటారట, అదీ గర్వంగా. శాపం తగిలిన మనిషి ఎలా ఉంటుందో చూద్దామని ఆవిడ్ని కాసేపు తేరిపార చూశాను. చక్కగా లిప్‌స్టిక్ వేసుకుని ఉంది. ఆవిడ తమ్ముడు వాళ్ళ ఊళ్ళో హీబ్రూ పాఠాలు చెప్తాడట. ఆయన పంపిన వాయిస్ మెసేజీని మదాం నాకు రెండు పళ్ళు పీకడాల మధ్య విడమర్చి చెప్పింది. ఆ పేరుకి అర్థమేమిటో పండితులకే పూర్తిగా తేలలేదట. పల్లపు నేల అని కొందరంటారు. (మా కోనసీమ అంతా పల్లమే కదా అనుకున్నాను.) ఊదా రంగు నించి వచ్చిందని ఇంకొందరు. (ఇది వినగానే జారిపడ్డ లంగా గుర్తొచ్చి నాకు వణుకు పుట్టింది.) వాళ్ళు ఎంత వ్యాపారస్థులంటే, మనకి గూర్ఖా అంటే కాపలావాడని అర్థమైపోయినట్టు, హీబ్రూలో పోనుపోను కనానీయుడంటే వర్తకుడనే అర్థం వచ్చేసిందట.

అది విని నా ప్రాణం ఉసూరుమంది. మందిరంలో కనానీయుడు ఉండడంటే వర్తకుడు ఉండడనేగా! ఆయనకి తెలియకుండానే ఆయన మాట ఇంకా గట్టిగా తగిలేలా ఉంది. అప్పుడు మదాం ఫోను చెవి దగ్గర పెట్టుకుని, "ఆగు, ఇంకా ఉంది," అంది. ఆ ఇంకా ఉన్నది విని నేను ఆ రోజు ముగ్గురు పేషంట్ల పేర్లు తారుమారు చేశాను.

శుక్రవారం పిన్నిని బిరియానీ పేరు చెప్పి లాక్కెళ్ళాను. "ఇదే ఆఖరు," అని కచ్చితంగా చెప్పి వంటగదిలోకి పోయింది. మా కూటంలో పాటల తర్వాత సాక్ష్యాల సమయం, అంటే దేవుడు తమకి చేసిన మేలు నలుగురికీ చెప్పుకునే సమయం. ఎవరైనా లేవొచ్చు, లేచినవాళ్ళని మధ్యలో ఆపకూడదు. వాళ్ళు ఆగినప్పుడల్లా మిగతావాళ్ళు "స్తోత్రం" అనాలి. నేను లేచాను. కాళ్ళు వణుకుతున్నాయి. మూడు రోజులు బట్టీపట్టిందంతా ఎగిరిపోయి, "నేను కనానీయురాలిని," అనేశాను. "స్తోత్రం!" అన్నారు ముప్ఫై మందీ. మైకు మావయ్య ఒక్కడే అనలేదు.

"కనానీయుడంటే వర్తకుడని అర్థమట." "స్తోత్రం!" "గుణవతి అయిన ఇల్లాలి గురించి మీరు ప్రతి పెళ్ళిలోనూ చదువుతారే మావయ్యగారూ, ఆవిడ బట్టలు కుట్టి అమ్ముతుంది. నడికట్లు తయారుచేసి వర్తకుడికి ఇస్తుంది. మన తెలుగులో వర్తకుడని ఉంది గానీ హీబ్రూలో అక్కడున్న మాట కనానీయుడే. నడికట్టంటే నడుముకి కట్టేది. మా పిన్ని కుట్టేదీ అదే." ఈసారి స్తోత్రం సగం మందే అన్నారు, మిగతా సగం నోళ్ళు మూసుకుని నవ్వాపుకుంటున్నారు.

"ఆ మాటకా అర్థముందని నీకెవరు చెప్పినారు?" అన్నాడు మావయ్య.

"మా క్లినిక్‌లో మదాం."

"ఆమె ఎవురు?"

"కనానీయురాలు."

హాలంతా గొల్లుమంది. నేనాగలేదు, అదే నా జబ్బు. "మందిరంలో అమ్మేవాళ్ళు ఉండకూడదంటే సరేనండి, వెళ్ళిపోతాను. కానీ వారమంతా షువైఖ్‌లో బ్రేకులూ క్లచ్‌లూ అమ్మేది మీరే కదా. మనిద్దరి చెప్పులూ గుమ్మం దగ్గర పక్కపక్కనే ఉన్నాయి. పదండి, కలిసే పోదాం," అన్నాను. నవ్వు ఆగిపోయింది. అంత పెద్దాయన్ని అంత మాట అన్నానని నాకూ అప్పుడే తెలిసింది. ఆయన ముఖం ఎర్రబడింది. ఆయన భార్య, మా అత్తయ్య, చేత్తో ఆయన్ని ఆపబోయింది.

అప్పుడు వంటగది తలుపు తెరుచుకుంది. పిన్ని గరిటెతో సహా బయటికొచ్చింది. "దాని మీద కోపం పెట్టుకోకండి అన్నయ్యా. నా మూలంగానే వాగుతోంది. మీరు కనని వాళ్ళకి సోటు లేదన్నారని నేనే బాధపడ్డాను," అంది.

మైకు మావయ్యకి అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. అర్థమయ్యాక గ్రంథం పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. మొదటిసారి ఆయన గొంతు చిన్నగా వినడం. "తల్లీ, అట్లా అనే నోరు పడిపోవాల. నేనన్నది కనానీయులని. పలకడమూ సరిగ్గా పలకలేదు, అర్థమూ తెలుసుకోలేదు. తప్పు నాదే చెల్లెమ్మా," అన్నాడు. అత్తయ్య కళ్ళొత్తుకుంది.

అక్కడితో అయిపోతుందనుకున్నాను. పిన్ని ఊరుకోలేదు. గరిటె అలాగే పట్టుకుని, "సరిగ్గా పలికితే మాత్రం ఏం బావుంది అన్నయ్యా? పిల్లల్లేనోళ్ళకైనా, అమ్ముకునేవోళ్ళకైనా, సోటు లేదనడానికి మనమెవరం? నేను కుడతాను. కుడతానే ఉంటాను. నా బిరియానీకి ఇక్కడ సోటుంటే నాకూ ఉండాలి," అంది. అరవలేదు, మామూలుగానే చెప్పింది. ఎవరూ స్తోత్రం అనలేదు గానీ, నాకు తెలిసి ఆ హాల్లో అంతకంటే మంచి సాక్ష్యం ఎవరూ చెప్పలేదు.

తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వు సెప్పిందాంట్లో ఆ ఇల్లాలు కుట్టింది, కనానీయుడు కొనుక్కెళ్ళి అమ్ముకున్నాడు, అంతేనా?" అని అడిగింది. అంతే అన్నాను. "మరింకేం? కుట్టింది నేను. సంచేసుకుని తిరిగింది నువ్వు. నా లంగాల మీద నువ్వు కనానీయురాలివయ్యావు గానీ నేను కాదు," అని లోపలికెళ్ళి గిన్నె మూత తీసింది. ఆ నవ్వుల్లోనే అత్తయ్య తన నడుము కొలత నా చెవిలో చెప్పింది.

పిన్ని పెట్టె మళ్ళీ మంచం కిందికి పోయింది. ఆ తర్వాత ఆరేళ్ళు ఆ కూటంలో వండింది, తలుపు సందులోంచి పాడుతూ కాదు, తలుపు బార్లా తెరిచి పెట్టుకుని. చూపు తగ్గి సూదిలో దారం ఎక్కనప్పుడు, ఎవరి మాటకీ కాక తన ఇష్టంతో ఊరెళ్ళింది. మావయ్యే కారులో ఎయిర్‌పోర్టుకి దింపాడు. నేనిప్పుడు ముందు వరసలో కుర్చీలో కూర్చుంటున్నాను, అమ్మాయిలు నన్ను ఆంటీ అంటున్నారు. ఎవరైనా తప్పు మాట అంటే ముందు దాని అర్థం ఫోనులో వెతుకుతాను, అది దొరికేసరికి కోపం చల్లారిపోతుంది, లేవాల్సిన పని తప్పుతుంది. ఇదే పెద్దరికమని అందరూ మెచ్చుకుంటున్నారు కూడా. కానీ ఒక్కోసారి, అందరూ కళ్ళు మూసుకుని ఉన్నప్పుడు, వెనక వరసలో కాళ్ళు వణుకుతున్నా లేచి నిలబడ్డ ఆ పొగరుబోతు పిల్ల గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకుంటాను. అది ఉండుంటే, ఇవాళ నేను లేవని చోటల్లా లేచేది.