పదిహేను వేల గీతలు

కన్యకకు ఏ వస్తువైనా మూత తీసి లోపల ఏముందో చూస్తే గాని తోచదు. వరంగల్‌లో బీఎస్సీ ఎలక్ట్రానిక్స్ చదివే రోజుల్లో హాస్టల్ ఇస్త్రీపెట్టె విప్పి బాగుచేసింది. బాగుచేసినా వార్డెన్ తిట్లు తప్పలేదు. సిద్దిపేటలో, లాల్ కమాన్ దగ్గరి స్టీలు సామాన్ల దుకాణం వాళ్లింటికి కోడలుగా వచ్చిన మొదటి నెలలోనే అత్తగారి మిక్సీ విప్పింది. ఆ సాయంత్రం మామగారు కాశీనాథం గల్లా దగ్గర కూర్చొని, "మా కోడలు వస్తుంది, కాంటా లోపల పెట్టున్రి" అని పనివాళ్లతో అన్నాడట. ఆ మాట చాలాకాలం బజారులో తిరిగింది.

అట్లాంటి మనిషి, పందొమ్మిది వందల తొంభై ఎనిమిది వానాకాలంలో, తన బిడ్డ చెవుల సంగతి మాత్రం తెలుసుకోవడానికి భయపడింది.

సుగుణకు ఏడాదిన్నర దాటింది. నడుస్తుంది, మెట్లు పాకుతుంది, ఎవరి గుప్పిట్లో బిస్కెట్ ఉందో ఇట్టే కనిపెడుతుంది. కాని వెనక నుంచి పిలిస్తే చాలాసార్లు తిరిగి చూడదు. నోట ఒక్క మాట రాలేదు. ఒకరోజు కన్యక పిల్ల వీపు వెనక నిలబడి పళ్లెం మీద గరిటెతో కొట్టింది. పిల్ల కదల్లేదు.

అత్తగారు పద్మమ్మ దాన్ని నవ్వి కొట్టిపారేసింది. "గిన్నెల దుకాణంల పుట్టిన పిల్ల గిన్నె సప్పుడుకు తిరుగుతదా బిడ్డా? వాళ్ల బాపుకు గూడ మూడో ఏట్ల వచ్చినయి మాటలు."

ఆ మాటను తీసిపారేయడానికి లేదు. ఇంటి కిందే దుకాణం, పొద్దంతా బిందెలు దొర్లుతూనే ఉంటాయి. కన్యక చెక్కపీటను నేలమీద ఎత్తి పడేసి చూసింది. ఈసారి పిల్ల తిరిగింది. కాని నేల అదిరితే పాదాలకు తెలియదా? చప్పట్లు కొట్టింది. అప్పుడూ తిరిగింది, కాని గోడ మీద నీడ కదిలింది. ఏ పరీక్ష చేసినా ఎక్కడో ఒక లొసుగు ఉండనే ఉంది. హైదరాబాద్ తీసుకుపోయి చెవుల డాక్టరుకు చూపిద్దామంటే భర్త హరికిషన్ సరేనన్నాడు. అయినా వారం వారం ఏదో పని అడ్డం వచ్చేది. నిజానికి అడ్డం వచ్చింది పని కాదు. పోతే తెలుస్తుంది. తెలిసిన తర్వాత తెలియనట్టు ఉండడం కుదరదు. పద్మమ్మ దిగులు వేరు. ఆడపిల్లను చెవుల దవాఖానకు తీసుకుపోయారని నలుగురికీ తెలిస్తే ఆ మాట పిల్లతోపాటే పెరుగుతుందని ఆమె బాధ.

ఆ రోజుల్లోనే పై గదిలోకి కంప్యూటర్ వచ్చింది. హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదివే కన్యక తమ్ముడు దామోదర్, ఏదో ఆఫీసు మూసేస్తుంటే పాతది ఒకటి సంపాదించి అక్కకు పంపించాడు. మానిటర్ ఎంత బరువంటే, మెట్లెక్కించడానికి బిందెలు మోసే భిక్షపతి మధ్యలో రెండుసార్లు కూలబడ్డాడు. చుట్టుపక్కల ఇండ్ల ఆడపిల్లలకు కంప్యూటర్ నేర్పాలని కన్యక ఆశ. అందులో వేసుకోవడానికి, ఒక పత్రికతో వచ్చిన లైనక్స్ అనే, కంప్యూటర్‌ను నడిపించే ప్రోగ్రాం సీడీ కూడా దామోదరే ఇచ్చాడు. దీన్ని ఎవరైనా వేసుకోవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు, కావాలంటే లోపలి ప్రోగ్రామంతా విప్పి చూసుకోవచ్చు అని చెప్పాడు. ఆ చివరి మాట చాలు కన్యకకు.

సీడీ ఎక్కింది. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు వచ్చాయి. మౌసుతో తిరిగే బొమ్మల తెర మాత్రం రాలేదు. దానికి గ్రాఫిక్స్ కార్డు డ్రైవరు కావాలి. కంప్యూటర్‌కూ కార్డుకూ నడుమ డ్రైవరు దుబాసి లాంటిది. సీడీలో దుబాసీలు చాలామందే ఉన్నారు గాని, మన కార్డుకు ఎవరు కావాలో మనమే చెప్పాలి. కార్డు మీద ఉన్న కంపెనీ పేరు సీడీలో ఎంత వెతికినా దొరకలేదు. కన్యక డబ్బా మూత తీసి, కార్డు బయటికి లాగి, గుడ్డపీలికతో దుమ్ము తుడిచి, నడిమధ్య ఉన్న నల్లటి చిప్‌ను కిటికీ వెలుతురుకు పెట్టి దాని మీది సన్నటి అక్షరాలు చదివింది. కార్డు చేసినవాళ్లు వేరు, చిప్ చేసినవాళ్లు వేరు. చిప్ పేరుతో వెతికితే దుబాసి దొరికాడు. ఆ పూట పప్పులో ఉప్పు లేదని ఇంట్లో అందరూ అన్నారు.

డ్రైవరు ఎక్కించగానే ప్రోగ్రాం ఇంకో ప్రశ్న వేసింది. మీ మానిటర్ సెకనుకు ఎన్ని వేల గీతలు గీయగలదు? మానిటర్ కూడా టీవీలాగే బొమ్మను పైనుంచి కిందికి గీత తర్వాత గీతగా గీస్తుంది. దాని శక్తికి మించిన సంఖ్య ఇస్తే మానిటర్ కాలిపోవచ్చని కూడా తెర మీదే రాసి ఉంది. ఎస్టీడీ బూత్‌కు పోయి తమ్ముడిని అడిగింది. "అక్కా, వెనక కాయిదం అంటించి ఉంటది సూడు. తోచిన నంబరు కొట్టకు, పొగ వస్తది" అన్నాడు దామోదర్.

వెనక సగం చినిగిన కాగితం మీద పదిహేను నుంచి ముప్పయి అయిదు అన్న అంకెలు కనిపించాయి. దామోదర్ అయితే ముప్పయి ఒకటి కొట్టేవాడు. నల్ల తెర నడిచే వేగం అదే, అది ఎట్లాగూ నడుస్తూనే ఉంది. కాని పాలు గోరువెచ్చగా ఉన్నా మణికట్టు మీద చుక్క వేసుకొని చూసే తల్లి కన్యక. తక్కువైతే ప్రమాదం ఉండదనుకొని అట్టడుగు నుంచి మొదలుపెట్టింది. పాత మానిటర్లకు మరీ తక్కువ వేగం కూడా కష్టమేనని ఆమెకు తర్వాత తెలిసింది.

మధ్యాహ్నం దుకాణం సద్దుమణిగిన వేళ. సుగుణ గది మూలన, తెరకు వీపు పెట్టి కూర్చొని, టిఫిన్ డబ్బాల మూతలు ఒకదాని మీద ఒకటి పేరుస్తోంది. కన్యక పదిహేను అని రాసి బొమ్మల తెరను పిలిచింది. తెర ఒకసారి నల్లబడి, తర్వాత బూడిదరంగు చారలు ఏటవాలుగా పరుగెత్తాయి. వంగి వాసన చూసింది. పొగ లేదు. అప్పుడు గమనించింది, వెనక మూతల చప్పుడు ఆగిపోయిందని.

సుగుణ రెండు చేతులూ చెవుల మీద పెట్టుకొని మానిటర్‌ను చూస్తోంది.

కన్యక బొమ్మల తెరను మూసేసింది. నల్ల తెర వచ్చింది. పిల్ల చేతులు దించి మూతల దగ్గరికి తిరిగింది. మళ్లీ తెరిచింది. మళ్లీ చేతులు చెవుల మీదికి పోయాయి.

తనకైతే ఏమీ వినపడటం లేదు. చారల వెలుగుకేమోనని మానిటర్ మీద దుప్పటి కప్పింది. పిల్ల చేతులు దించకుండా దుప్పటినే చూసింది. మీట నొక్కిన చప్పుడుకేమోనని, బొమ్మల తెరను మూసి ఉత్తుత్తిగా మీటలు నొక్కింది. పిల్ల పట్టించుకోలేదు. ఇక మిగిలింది తన కదలిక. అందుకని, కాసేపు ఆగి నీ అంతట నువ్వే తెర తెరువు అని కంప్యూటర్‌కు చెప్పి, గడప దగ్గర కూర్చొని చిక్కుడుకాయలు తుంచసాగింది. పిల్ల వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి చాలా కష్టపడింది. దుప్పటి కింద మానిటర్ ఎప్పుడు మేలుకుందో ఆమెకు తెలియలేదు. సుగుణకు తెలిసింది. లేచి వచ్చి దుప్పటి కొస పట్టి లాగింది.

సెకనుకు పదిహేను వేల గీతలంటే, మానిటర్ లోపలి తీగచుట్టలు కూడా అన్ని సార్లు వణుకుతాయి. ఆ వణుకుడే సన్నటి కూత. పసిచెవి ఇరవై వేల దాకా వింటుంది, వయసుతోపాటు పై కొస నుంచి తరిగిపోతుంది. ఇది కన్యక కాలేజీలో పరీక్ష కోసం చదివిన విషయం. పంకా ఆపి, మానిటర్ వెనక చెవి ఆనించింది. దోమ రాగంలాంటిది ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది. కింద టీవీ గీతలు కూడా దాదాపు అంతే. టీవీ పెట్టగానే పిల్ల తిరిగేది బొమ్మ కోసమనే ఇంట్లో అందరూ అనుకున్నారు.

ఇక ముప్పయి ఒకటి ఇచ్చి చూసింది. తెర నిలకడగా, నున్నగా వచ్చింది. నడిమధ్య బాణం గుర్తు. ఇన్నాళ్లూ దేనికోసం చిప్పులు తుడిచిందో అది ఎదురుగా ఉంటే కన్యక దాన్ని చూడనే లేదు. పిల్లను చూస్తోంది. ముప్పయి ఒక్క వేలు ఏ మనిషి చెవికీ అందదు. సుగుణ కూడా తల తిప్పలేదు.

హరికిషన్‌ను పైకి పిలిచి మళ్లీ పదిహేను పెట్టింది.

"మీకేమన్న ఇనవడ్తుందా?"

"ఏం లేదు. ఏంది?"

"పిల్లకు ఇనవడ్తుంది."

అతను కాసేపు నమ్మలేదు. మళ్లీ పెట్టమన్నాడు. మళ్లీ ఆపమన్నాడు. మూడోసారి తర్వాత మెట్ల దగ్గరికి పోయి తల్లిని కేకేశాడు. పద్మమ్మ మోకాళ్లు పట్టుకొని మెట్లెక్కి వచ్చి అంతా విన్నది.

"నేను చెప్పలే? ఇగ పట్నం పోవుడెందుకు."

"పై సప్పుడు ఇంటది అని తెలిసింది అత్తమ్మా. మన మాట గంత పైన ఉండదు. దాని సంగతి ఇంక తెల్వదు."

"మంచిగనే తెలిసింది గదా, గక్కడికి ఊకోరాదు?"

"మంచిగ తెలిసింది కాబట్టే పోతనంటున్న. నిన్నటిదాక నాకు ధైర్యం లేకుండె."

మర్నాడు పొద్దున పిల్లకు ఉతికిన గౌను తొడిగింది మాత్రం పద్మమ్మే.

హైదరాబాద్ బస్సు దారిలో ప్రజ్ఞాపూర్‌లో చాయ్ కోసం ఆగినప్పుడు కూడా కన్యక దిగలేదు. దవాఖానలో డాక్టరమ్మ దీపంతో చెవుల్లోకి చూసి, చిన్న గదిలో పరీక్షలు చేయించి చెప్పింది. వానాకాలపు జలుబులకు రెండు చెవుల్లోనూ పొర వెనక నీరు చేరింది. నీళ్లలో మునిగి వింటున్నట్టు ఉంటుంది పిల్లకు, గట్టి చప్పుడు అందినా మాటలు మసకగా అందుతాయి. లోపలి నరం బాగుంది. మందులు వాడాలి, తగ్గకపోతే చిన్న ఆపరేషన్. ఇంకా ఆలస్యం చేసి ఉంటే మాటలు బాగా వెనకబడేవి. నరం మాటకు ముందే తెలిసినట్టు తలూపిన తల్లిని, అది ఎట్లా తెలుసని అడిగితే కన్యక మానిటర్ కథంతా చెప్పింది. డాక్టరమ్మ కలం కింద పెట్టి, మళ్లీ మొదటి నుంచి చెప్పమంది.

"మా మిషన్ ఎనిమిది వేల కాడనే ఆగిపోతదమ్మా" అన్నది చివరికి. "మీ ఇంట్లది ఇంక పైకి పోయింది."

మందులు చాలాకాలం నడిచాయి. మధ్యలో ఇంకో జలుబు వచ్చి అందరినీ భయపెట్టి పోయింది. చలి తగ్గేనాటికి పై గదికి ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలు రావడం మొదలైంది. ఒక మధ్యాహ్నం కన్యక వాళ్లకోసం ఏదో సర్దుతూ తెరలో మునిగి ఉంది. సుగుణ కిటికీ దగ్గర, మెట్లకు వీపు పెట్టి కూర్చుంది. కింది నుంచి హరికిషన్, మామూలు గొంతుతో, అన్నం తిన్నవా అని అడిగాడు. అడిగింది కన్యకను. కన్యక తలెత్తేలోపే పిల్ల లేచి, మెట్ల దాకా నడిచి, కిందికి చూస్తూ "ఆఁ" అన్నది.

హరికిషన్, గొంతు కొంచెం కూడా పెంచకుండా, ఈసారి పిల్లను, మళ్లీ అదే అడిగాడు.