ఈజిప్టు కప్పలు, మా హాల్లో ప్రవచనం

మా అమ్మాయి కంప్యూటర్ సైన్స్ వదిలేసి లాటిన్ చదువుతానన్నప్పుడు, అమెరికాలోని నోవైలో మా ఇంటికి పరామర్శలు మొదలయ్యాయి. ఒకావిడ మంచులో డ్రైవ్ చేసుకుంటూ పులిహోర కూడా తెచ్చింది.

"స్పానిష్ అయినా కొంత నయం వదినా, జాబ్ వస్తుంది. లాటిన్ ఇప్పుడెవరు మాట్లాడతారు?" అంది.

నేను గిన్నె మూత తీశాను. పులిహోర మాత్రం బాగుంది.

పీహెచ్‌డీలో చేరాక మా అమ్మాయే ఓపిగ్గా నాకు చెప్పింది. వెనకటికి యూరప్‌లో క్రైస్తవ సన్యాసులు తోలు కాగితాల మీద చేత్తో పుస్తకాలు రాసేవారట. బైబిల్లో ఒక్కో కథ తీసుకుని, అందులోని జంతువు దేనికి గుర్తో, రాయి దేనికి గుర్తో, దాన్నుంచి మనిషి నేర్చుకోవలసిందేమిటో లాటిన్‌లో విప్పి చెప్పేవారట. వింటుంటే మా గుడి హాల్లో ప్రతి ఆదివారం జరిగేదే గుర్తొచ్చింది. అక్కడ ప్రవచనం చెప్పే పెద్దాయన కార్ల బ్రేకుల ఇంజినీరుగా రిటైరయ్యారు. ఆయన ప్రసంగం మొదలుపెడితే మాత్రం బ్రేకులుండవు.

ఒకరోజు ఆయన మా ఇంటికి భోజనానికి వచ్చి, "ఏం చదువుతున్నావమ్మా?" అని అడిగారు. మా అమ్మాయి సంబరంగా లాప్‌టాప్‌లో ఒక పేజీ బొమ్మ చూపించింది.

"గాడ్ ఈజిప్ట్ మీదకి ఫ్రాగ్స్ పంపిస్తాడు అంకుల్. పిండి కలిపే గిన్నెల్లోకి కూడా వచ్చేస్తాయి. ఈ పేజీ రాసిన మాంక్ ఏమంటాడంటే, ఫ్రాగ్ అంటే ప్రీచర్. తను బురదలోనే కూర్చుంటాడు, అందరి మీదా అరుస్తాడు."

నేను గబగబా ఆయన విస్తట్లో ఇంకో గారె వేశాను. ఆయన ఏమీ నొచ్చుకోలేదు.

"చాలా లోతైన మాట తల్లీ. నేను వాడుకోవచ్చా?"

"ష్యూర్ అంకుల్."

ఆదివారం నేనూ మా అమ్మాయీ గుడికి వెళ్లాం. ఆయన కళ్లు మూసుకుని, "మన పెద్దలు ఎప్పుడో చెప్పారు" అని ఎత్తుకున్నారు. ఈజిప్టు మాయమైపోయింది. ఎవరో ఒక దుష్టరాజు మిగిలాడు. అతని వంటింటి నిండా కప్పలు.

"ఇంతకీ కప్ప అంటే ఎవరు? ప్రవచనం జరుగుతుంటే వెనక కూర్చుని బెకబెకమనేవాళ్లు."

హాలంతా చప్పట్లు. అందరికంటే గట్టిగా కొట్టింది వెనక వరసవాళ్లే. అప్పటిదాకా గ్రీన్ కార్డుల గురించి మాట్లాడుకుంటున్నది వాళ్లే.

నాకు ఒళ్లు మండింది. మా అమ్మాయి వైపు తిరిగితే, అది నవ్వుతూ ఫోన్‌లో ఏదో టైప్ చేసుకుంటోంది.

"నీకు కోపం రావట్లేదే?"

"నో అమ్మా. నా థీసిస్ ఇదే కదా. తర్వాత వేరే సన్యాసులు రాసుకున్న కాపీలో ఫ్రాగ్ అంటే ఊళ్లో ప్రీస్ట్. ఊళ్లో ప్రీస్ట్ రాసుకున్న కాపీలో ఫ్రాగ్ అంటే సన్యాసి. తనే ఫ్రాగ్ అని రాసుకున్నది నేను అంకుల్‌కి చూపించిన మాంక్ ఒక్కడే. హీ వాజ్ ఎ ప్రీచర్ టూ."

ఎప్పుడో చచ్చిపోయిన ఆ సన్యాసి మీద నాకు మొదటిసారి గౌరవం కలిగింది.

ప్రసంగం అయ్యాక కమిటీవాళ్లు పెద్దాయనకు శాలువా కప్పి ఫొటోలు తీశారు. ఆయన ఆ శాలువాతోనే మా దగ్గరికి వచ్చారు.

"బాగా క్లిక్ అయిందమ్మా. వచ్చే వారానికి ఇంకో జంతువు ఏదైనా ఉందా?"

మా అమ్మాయి కాస్త ఆలోచించింది.

"డాంకీ ఉంది అంకుల్. జీసస్ దాని మీద వస్తుంటే జనం దారంతా బట్టలు పరుస్తారు. అవన్నీ తన కోసమే అనుకుంటుంది."

ఆయన శాలువా భుజం మీదికి సర్దుకుని, పగలబడి నవ్వారు.

"మన గుడి కమిటీ ప్రెసిడెంట్‌గారికి అచ్చు గుద్దినట్టు సరిపోతుంది" అంటూ ఫోన్ తీసి రాసుకున్నారు.