ఇంగోల్ఫ్ కొట్టంలోని పిట్టబళ్ళు

ఇంగోల్ఫ్ కేర్ గురించి నాలుగు మంచి మాటలు చెప్పమంటే నా వల్ల కాదు. పోయినవాళ్ళ గురించి చెడు మాట్లాడకూడదంటారు. ఇతగాడు ఇంకా పోలేదు కాబట్టి నాకా ఇబ్బంది లేదు. మా ఊరు హిర్ష్‌గ్రుండ్ చివర, కోత మిల్లు వెనక, నల్ల పలకరాయి కప్పిన ఇంట్లో నిక్షేపంగా ఉన్నాడు.

చిన్నప్పుడు అతనికి మూర్ఛలు వచ్చేవి. తర్వాత తగ్గిపోయాయి గానీ, జన్మలో బండి లైసెన్సు ఇవ్వడానికి వీల్లేదని డాక్టరు తేల్చేశాడు. అప్పట్లో మా తూర్పు దేశం వాళ్ళకి పదిహేనేళ్ళు నిండడమంటే మోపెడ్ ఎక్కడమే. పెళ్ళికైనా చావుకైనా, బంగాళదుంపల బస్తాకైనా అదే బండి. మేమంతా కొండ రోడ్ల మీద పొగ వదులుకుంటూ తిరుగుతుంటే ఇంగోల్ఫ్ ఒక్కడే నడిచేవాడు. జాలిపడి ఎవరైనా ఆపి వెనక ఎక్కమంటే, "నాకు కాళ్ళున్నాయి, నీ పని చూసుకో" అనేవాడు. పొగరు అప్పటిదే, కొత్తగా వచ్చింది కాదు.

అలాంటివాడికి ఉద్యోగం ఎక్కడ దొరికిందనుకున్నారు? జూల్ పట్నంలో, ఆ మోపెడ్లు చేసే జిమ్‌సన్ ఫ్యాక్టరీలోనే. చక్రాల విభాగంలో పుల్లలు బిగించే పని. పొద్దున్నే ఫ్యాక్టరీ బస్సులో పోయేవాడు, సాయంత్రం అదే బస్సులో వచ్చేవాడు. వచ్చినవాడు తిన్నగా ఇంటికి పోడు, బీరు కొట్టు దగ్గరికొచ్చి మాకు పాఠం చెప్పేవాడు. అరవై నాలుగు నుంచీ ఆ బళ్ళన్నిటికీ పిట్టల పేర్లే. ష్పాట్స్ అంటే పిచ్చుక, ష్టార్ అంటే గోరువంక, ష్వాల్బె అంటే వానకోయిల, ష్పెర్బర్, హబిఖ్ట్ రెండూ డేగ జాతివి. డెబ్బై అయిదులో పిట్టల్ని ఆపేసి ఎస్50 అన్నారు, అయిదేళ్ళకి ఎస్51 అన్నారు. ఒక్క ష్వాల్బె మాత్రం ఇంకా పదేళ్ళు బతికింది, అందులోనూ మూడు తరాలు. ఏ తరానికి ఏ ఇంజను, ఎన్ని గేర్లు, ఏ లైటు, అంతా అతనికి కంఠతా వచ్చు. మాకెందుకయ్యా ఆ గోల?

ఎందుకంటే మా ఊళ్ళో ఏ బండీ పుట్టినట్టు ఉండేది కాదు మరి. సామాను దొరకని కాలం. ఏది దొరికితే అది బిగించడం మాకు అలవాటు, ఆడా మగా అందరికీ చేతనైన పని. నేను సమష్టి పాడిశాలలో పాలు పితికేదాన్ని. తెల్లారకముందే పోవాలి, అందుకని మా నాన్న నాకో ష్టార్ కొనిపెట్టాడు. దాని ఇంజను పోతే, మా పక్కింటి వీలాండ్ తన ష్వాల్బె ఇంజను ఊడదీసి ఒక్క మధ్యాహ్నంలో పెట్టేశాడు. అది మళ్ళీ పరిగెత్తింది. ఇంగోల్ఫ్ మా వాకిట్లోకొచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని దాని చుట్టూ తిరిగాడు.

"ఓర్ట్రున్," అని నన్ను పేరు పెట్టి పిలిచి, "ఇది ష్టార్ కాదు" అన్నాడు.

"మరేంటి?"

"రెండు పిట్టల్ని కోసి కుట్టారు. ఇలాంటిది మా ఫ్యాక్టరీ గేటు దాటి రాదు."

"మీ ఫ్యాక్టరీ గేటు దాటి ఇంజను కూడా రావట్లేదుగా. వస్తే పట్రా, మార్చుకుంటా" అన్నాను. పెదాలు బిగించుకుని పోయాడు.

తర్వాత తూర్పుకీ పశ్చిమానికీ మధ్యనున్న గోడ పడిపోయింది, పశ్చిమం డబ్బు వచ్చింది. పొరుగింటి పుల్లకూర రుచి కదా. తుప్పు పట్టినా సరే పశ్చిమం కారు ఉండాల్సిందే అని ఊరు ఊరంతా ఎగబడింది. మోపెడ్లని వాగులోకి తోశారు, పెంటకుప్ప మీద పారేశారు. ఆ ఎండాకాలం ఇంగోల్ఫ్ చేతిబండి తోసుకుంటూ గడప గడపకీ వచ్చాడు. పాత మోపెడ్ ఇస్తే ఒక పెట్టె బీరు. నేను పాడిశాలలో ఉండగా మా ఆయన లోథార్ నా ష్టార్‌ని అలాగే ఇచ్చేశాడు. ఇంటికొచ్చేసరికి సగం పెట్టె ఖాళీ. లోథార్‌ని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాను. ఆయన పోయి చాలాకాలమైంది, ఆ విషయంలో మాత్రం ఇప్పటికీ క్షమించలేదు.

ఊరు నవ్వింది. "లైసెన్సు లేనివాడికి ఊళ్ళో బళ్ళన్నీ" అని. ఆ మరుసటేడు ఫ్యాక్టరీలో వందలమందిని తీసేశారు, ఇంగోల్ఫ్‌నీ తీసేశారు. కొట్టం తలుపు మూసుకుని లోపల కూర్చున్నాడు. కొన్నేళ్ళకి నవ్వు మా ముఖాల మీదికే తిరిగింది. పెద్ద పెద్ద నగరాల నుంచి కుర్రకారు వచ్చి, పిట్ట పేరున్న తుక్కుముక్క ఉన్నా చాలని ఇళ్ళిళ్ళూ అడిగారు. మా దగ్గరేముంది, మన్ను. అంతా ఇంగోల్ఫ్ దగ్గరే. వాడు అమ్మడు, ఎక్కడు, ఎవర్నీ చూడనివ్వడు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్నట్టు. వీలాండ్ తన ష్వాల్బె తనకి తిరిగిమ్మని పీటర్స్ బేకరీ ముందు అందరూ చూస్తుండగా బతిమాలాడు. "నువ్వు దాన్ని పారేశావు" అని రొట్టె సంచీ ఊపుకుంటూ పోయాడు ఇంగోల్ఫ్. ఆ రోజు నుంచి వాడికి ఊళ్ళో నమస్కారం లేదు.

నేనూ వాడి గడప తొక్కేదాన్ని కాదు, మా యెట్టె లేకపోతే. యెట్టె నా మనవరాలు, పదహారేళ్ళది, నా దగ్గరే పెరిగింది. పోయిన ఏడాది ష్లోయ్‌జింగెన్‌లోని వృద్ధాశ్రమంలో నర్సు పనికి శిక్షణ చోటు దొరికింది. ఏడ్చి మొత్తుకుని సంపాదించుకున్న చోటు. పొద్దున షిఫ్టు ఆరింటికి. మా ఊరి నుంచి మొదటి బస్సు ఏడు దాటాక. సెప్టెంబరు మొదటి వారంలో రెండుసార్లు ఆలస్యమైతే చోటు ఇంకొకరికి ఇస్తామని ముందే చెప్పారు. ఇప్పటి కొత్త మోపెడ్లు గంటకి నలభై అయిదు కిలోమీటర్లు దాటి పోకూడదు, ఆ కొండ రోడ్డు మీద లారీలు వెనక నుంచి మింగేస్తాయి. మా పాత దేశం బళ్ళకి మాత్రం అరవై దాకా పోవచ్చని రెండు దేశాలు కలిసినప్పుడే రాసుకున్నారు. కానీ ఇప్పుడు వాటి ధర నా పింఛనుకి అందదు. పిల్ల బతుకు ఆ కొట్టంలో ఇరుక్కుంది.

జూన్‌లో వెళ్ళాను. చెర్రీ పళ్ళ కేకు కూడా పట్టుకెళ్ళాను, నా ఖర్మ.

"ఇంగోల్ఫూ, నా ష్టార్ నాకివ్వు. నాక్కాదు, పిల్లకి."

కేకు తీసుకున్నాడు. తలుపు తీశాడు. ముప్పై ఏళ్ళలో ఆ కొట్టంలో అడుగుపెట్టింది నేనే మొదట. చూసి నిలబడిపోయాను. బండి అన్నది ఒక్కటీ లేదు. గోడల నిండా బల్లలు. ఒక బల్ల మీద మడ్‌గార్డులు, ఒక బల్ల మీద లైట్లు, ఒక డబ్బా నిండా పెట్రోలు కుళాయిలు, అన్నిటికీ చీటీలు అంటించి, తళతళ తుడిచి. చట్రాలు తాళ్ళకి వేలాడుతున్నాయి.

"మీరు పాడు చేసిన వాటిని సరిచేస్తున్నాను. దేని సామాను దానికి చేరుస్తున్నాను" అన్నాడు.

"ముప్పై ఏళ్ళుగానా?"

"సరిగ్గా చెయ్యాలంటే పడుతుంది. నీ ష్టార్ ఆగస్టు చివరికిస్తా. అచ్చం గేటు దాటినప్పుడు ఎలా ఉందో అలాగ."

యెట్టె సంబరపడింది. హెల్మెట్ కూడా కొనుక్కుంది. జులైలో అడిగితే ష్టార్‌కి సరైన ఇంజను దొరకలేదన్నాడు. ఆగస్టులో సీటు సరైనది కాదన్నాడు. ఆఖరి శనివారం వెళితే నా ష్టార్ చట్రం తాడుకి అలాగే వేలాడుతోంది, దానికి రెండు చక్రాలు మాత్రం ఉన్నాయి. సోమవారం పిల్ల పనిలో చేరాలి.

నాకు ఒళ్ళు మండిపోయింది. వీధిలోకొచ్చి వీలాండ్‌ని కేకేశాను. వీలాండ్ తన కొడుకుని, వాళ్ళ పక్కవాళ్ళని పిలిచాడు. కాసేపట్లో వాకిలి నిండిపోయింది, ఎవరి చేతిలో చూసినా ఒక పానా. ఇంగోల్ఫ్ కొట్టం గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"ఒక్కటి ముట్టుకుంటే పోలీసుల్ని పిలుస్తా. ఇవన్నీ నావి."

"పిలువు. వచ్చేలోగా బిగించేస్తాం" అన్నాడు వీలాండ్.

"మీకు దొరికింది దొరికినట్టు తగిలిస్తారు. నాకు తెలుసు మీ సంగతి."

"నువ్వు తగిలించవచ్చుగా మరి?" అన్నాను. "అన్నీ నీ దగ్గరే ఉన్నాయి, అన్నీ నీకు తెలుసు. ఒక్క బండి కూడా ఎందుకు లేవలేదు ఇంగోల్ఫూ?"

అతని చూపు చక్రాల మీద ఉంది. అప్పుడు అర్థమైంది నాకు. అందరూ వినేటట్టే అడిగాను.

"నువ్వు జన్మలో ఒక్క ఇంజనైనా బిగించావా?"

"ఇంజన్లది వేరే హాలు" అన్నాడు. "మా హాల్లో చక్రాలే."

ఎవరో పక్కున నవ్వారు. గుమ్మం లోంచి అతనంతట అతనే పక్కకి జరిగాడు. కానీ బండి కాగితం, చట్రం నంబరుతో సహా, అతని చొక్కా జేబులో ఉంది. అది లేనిదే యెట్టె రోడ్డెక్కలేదు. జేబు మీద చెయ్యి పెట్టుకుని, "బిగించుకోండి. కాగితం ఇస్తా. కానీ మొదటి తన్ను నాది. నేనే స్టార్ట్ చెయ్యాలి" అన్నాడు.

సరేనన్నాం.

సాయంత్రానికి లేచింది. ఇంజను ష్వాల్బెది, సీటు హబిఖ్ట్‌ది, వెనక లైటు ఎస్50ది. ఒక్కొక్కటి బిగిస్తుంటే, "అది డెబ్బై రెండుది, అది దీనిది కాదు" అని ఇంగోల్ఫ్ గొణుగుతూనే ఉన్నాడు. ఎవరూ వినలేదు. పెట్రోలు పోశాం. యెట్టె బండిని వాకిట్లో నిలబెట్టి పక్కకి తప్పుకుంది.

ఇంగోల్ఫ్ చేతులు తుడుచుకుని వచ్చాడు. ఎక్కడానికి కాలు ఎటు వెయ్యాలో తెలియక ఒక క్షణం ఆగాడు. కూర్చున్నాక వీపు నిటారుగా పెట్టాడు. తన్నాడు. ఏమీ లేదు. మళ్ళీ తన్నాడు.

కుళాయి మూసి ఉంది. ట్యాంకు కింద ఆ చిన్న పిడి తిప్పాలి, లేకపోతే పెట్రోలు దిగదు. మా ఊళ్ళో మాట రాని పసివాళ్ళకి కూడా తెలిసిన సంగతి. వీలాండ్ చూశాడు. వీలాండ్ కొడుకు చూశాడు. నేనూ చూశాను. చేతులు కట్టుకుని నిలబడ్డాం. యెట్టె నోరు తెరవబోతే దాని మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"అమ్మమ్మా, వదులు."

"నోర్ముయ్యి."

తన్నుతూనే ఉన్నాడు. చొక్కా తడిసి వీపుకి అతుక్కుంది. నెరిసిన జుట్టు ముఖం మీద పడింది. కొట్టంలో డబ్బా నిండా ఆ కుళాయిలే, తన చేత్తో చీటీ అంటించినవి. ఒక్కసారైనా కిందికి చూడలేదు. చివరికి కాలు లేవలేదు. బండి దిగి, జేబులోంచి కాగితం తీసి, ఎవరివైపూ చూడకుండా యెట్టె చేతిలో పెట్టాడు.

"నాకు రాదులే" అన్నాడు. లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.

యెట్టె నా చెయ్యి విదిలించుకుంది. వంగి కుళాయి తిప్పింది. రెండో తన్నుకే అందుకుంది బండి. ఆ చప్పుడుకి తలుపు తెరుచుకుంటుందేమోనని పిల్ల కాసేపు అక్కడే నిలబడి ఇంజను మోగించింది. తలుపు తెరుచుకోలేదు.

సోమవారం ఆరు కాకముందే ష్లోయ్‌జింగెన్ చేరింది. చోటు నిలబడింది. కానీ ఆ పిల్ల ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. ఆదివారాలు ఆ బండి వేసుకుని కోత మిల్లు వెనక్కి పోతోంది, తలుపు కొడుతోంది, అతను తియ్యడం లేదు. "ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయేది?" అని నన్నడిగింది. ముప్పై ఏళ్ళు ఊరిని ఏడిపించినవాడికి నేనెందుకు చెప్పాలి అన్నాను. అది పళ్ళెం పక్కకి నెట్టి లేచిపోయింది.