గ్లవ్‌బాక్స్ వెనక బేరం

దయ్యాల మీద నమ్మకం లేని ఇంట్లో పుట్టానని ధైర్యంగా చెప్పగలను. ఎందుకంటే మేం దిష్టితాళ్ళు అమ్మేవాళ్ళం.

పశువుల సంత పక్కన మా నాన్నకి పలుపులు, పగ్గాలు, మువ్వలు అమ్మే కొట్టుండేది. ఎద్దు మెడకి కట్టే నల్లతాడుకి నాన్న చెప్పని మహిమ లేదు. మా గేదెకి మాత్రం ఏనాడూ ఒక్కటి కట్టలేదు. అమ్మేవాడికి సరుకు సంగతి తెలుసు కదా.

అందుకే ఇది కూడా జరిగింది జరిగినట్టే చెబుతాను. నమ్మమని బలవంతం లేదు.

2010 వేసవి, అమెరికాలోని మోరిస్‌విల్. మా వీధంతా మిస్ ఎలెన్ అని పిలిచే పెద్దావిడ, భర్త వాల్టర్ పోయాక ఆయన కారు అమ్మకానికి పెట్టింది. పాతదే గానీ ఇంజన్ భేషుగ్గా ఉంది. నేను నా అలవాటు కొద్దీ బంపర్ మీద గీతలు, టైర్ల అరుగుదల, సీటు చిరుగు అన్నీ వేలు పెట్టి చూపించాను.

"ధర తగ్గిస్తాలే హనీ, ఇక ఆ వేలు దించు" అందావిడ. "కానీ రెండు షరతులు. ప్రతి గురువారం నన్ను డయాలిసిస్‌కి తీసుకెళ్ళాలి. ఆ రేడియో పీకకూడదు."

రేడియోలో ఒక క్యాసెట్ ఇరుక్కుపోయి ఉంది. బయటికి రాదు, లోపలే తిరుగుతూ పాడుతుంది. అందులో వాల్టర్ పాడిన చర్చి పాటలున్నాయి. ఆయన గొంతు ఇంకెక్కడా లేదు. దారిలో అది వింటే సూదికి చెయ్యి వణకదని ఆవిడ చెప్పింది.

సరేనన్నాను. అయితే నా ఫోన్‌లోని పాటలు కార్‌లో వినాలని నాకొక యావ. ఆ రేడియోకి వెనక సీడీ ఛేంజర్ కోసం ఒక సాకెట్ ఉంటుందనీ, దానికి చిన్న డబ్బా తగిలిస్తే ఫోన్‌కి కలిపే వైరు వస్తుందనీ ఇంటర్నెట్‌లో చదివాను. పీకనని మాటిచ్చాను గానీ, తోక తగిలించనని ఇవ్వలేదుగా! కొట్లో పెరిగినవాళ్ళం, మాట ఇచ్చేటప్పుడే సందు చూసుకుంటాం.

ఒక గురువారం పొద్దున బ్యాటరీ తీగ ఊడదీసి, ముందు సీటు ఎదుట ఉండే గ్లవ్‌బాక్స్ అర విప్పి, ఆ సందులోంచి చెయ్యి దూర్చి డబ్బా తగిలించాను. బ్యాటరీ మళ్ళీ కలపగానే రేడియో కోడ్ అడిగింది. దొంగలకి పనికిరాకుండా కంపెనీవాళ్ళు పెట్టిన తాళమది. ఐదంకెలు నొక్కాలి. మాన్యువల్‌లో కోడ్ రాసుకునే చోటు ఖాళీగా ఉంది. డీలర్‌కి ఫోన్ చేస్తే రేడియో సీరియల్ నంబర్ చెప్పమన్నారు. దాని స్టిక్కర్ మీద అక్షరాలు ఎప్పుడో చెరిగిపోయాయి.

తోచిన అంకెలన్నీ నొక్కాను. తొమ్మిది తప్పులయ్యాయి. పదోది కూడా తప్పితే రేడియో పూర్తిగా బిగుసుకుపోతుందని మాన్యువల్‌లో ఉంది. రెండింటికి ఎలెన్ వస్తుంది.

టార్చ్ పట్టుకుని నిలబడ్డ మా ఆవిడ పద్మ అంది: "పీకనని మాటిచ్చి, పీక నొక్కారన్నమాట."

డబ్బా తీసేస్తే పాత బుద్ధి వస్తుందేమోనని మళ్ళీ మోచేతిదాకా చెయ్యి లోపలికి దూర్చాను.

ఇక్కడ మా సంత సంగతి ఒకటి చెప్పాలి. అక్కడ బేరం నోటితో జరగదు. అమ్మేవాడూ కొనేవాడూ చేతులు కలిపి, పైన తుండుగుడ్డ కప్పుకుని, ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుంటారు. రెండు వేళ్ళు పట్టుకుంటే రెండు, నాలుగైతే నాలుగు. చుట్టూ ఉన్నవాళ్ళకి అంకె తెలియదు. బేరం కుదిరితే చివర అరచేతిని ఒక్క నొక్కు నొక్కి వదిలేస్తారు.

ఆ చీకటి సందులో నా వేళ్ళని ఏదో పట్టుకుంది. వైరు చుట్టుకుందనుకున్నాను. వదిలేసి, ఇంకో లెక్కన మళ్ళీ పట్టుకుంది. అలా ఐదుసార్లు. ఆ తర్వాత అరచేతిలో ఒక్క నొక్కు.

ఆ పట్టు పొడిగా, మెత్తగా ఉంది. తొందరేమీ లేదు. నాకు భయం కూడా వెయ్యలేదు. సంతలో నాన్న పక్కన కూర్చున్నట్టు, చెయ్యి దానంతటది నిదానంగా ఉండిపోయింది.

"షాక్ కొట్టిందా? అలా ఉన్నారేంటి?" అంది పద్మ.

చెయ్యి బయటికి తీసి, ఆ ఐదంకెలూ నొక్కాను. రేడియో వెలిగింది. క్యాసెట్ గర్రుమని తిరిగి, వాల్టర్ శ్రుతి తప్పిన గొంతుతో పాట అందుకున్నాడు.

దారిలో ఎలెన్ కళ్ళు మూసుకుని వింటోంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, కోడ్ గురించి వాల్టర్ ఎప్పుడైనా చెప్పారా అని మామూలుగా అడిగాను.

"నాకా? ఆయన బూట్ల సైజే నాకు చెప్పేవాడు కాదు."

పశువుల సంతలకి వెళ్ళేవారా అని కూడా అడిగాను. ఆవిడ కళ్ళు తెరిచి నవ్వింది.

"వాల్టరా? పోస్టాఫీసులో స్టాంపులు అమ్మేవాడు హనీ. ఆవు కనిపిస్తే రోడ్డు దాటి అవతల నడిచేవాడు!"

ఇరుకులో చెయ్యి తిమ్మిరెక్కి అలా అనిపించిందని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. తిమ్మిరికి కోడ్ ఎలా తెలుస్తుందో మాత్రం చెప్పుకోలేకపోయాను. కోడ్ తెలిసింది వాల్టర్‌కి. ఆయనకి వేళ్ళ బేరం తెలియదు. వేళ్ళ బేరం తెలిసింది మా నాన్నకి. ఆయన అమెరికా చూడలేదు, అప్పటికి పోయి నాలుగేళ్ళు. బతికుండగా వాళ్ళిద్దరూ ఒకరినొకరు ఎరగరు.

ఎవరేం చెప్పినా మారుబేరమాడే నేను ఆ రోజు ఆడలేదు. ఆ అంకెలు పద్మ ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు, ఇక్కడా రాయలేదు. గుడ్డ కింద విన్న అంకె పైకి అనకూడదని నాన్న నేర్పాడు.