మురుగు రాని ప్లాంటులో ఆపరేటర్

ఆళ్లగడ్డ దాటి కొండలెక్కితే వచ్చే ఒక చిన్న ఊళ్లో మురుగునీటి శుద్ధి ప్లాంటు కట్టారు. ఇళ్ల నుంచి పైపులు వేయలేదు కాబట్టి చుక్క మురుగు రాలేదు. కరెంటూ ఇవ్వలేదు. అక్కడ ఆపరేటర్ ఒక్కడే ఉండేవాడు. మోటార్ల ఇరుసులు బిగుసుకుపోకుండా రోజూ పొద్దున ఒక్కోదాన్నీ చేత్తో నాలుగు చుట్లు తిప్పేవాడు. నిద్రపోతున్న మనిషి చెయ్యి పక్కకు జరిపినట్టు, మెల్లగా.

నంద్యాలలో ఒక పాల డెయిరీలో అతనికి పని దొరికింది. భార్యాబిడ్డలు ఉండేదీ అక్కడే. నెలాఖరులోగా చేరాలి.

"తాళమేసి పోరాదా అప్పా?" అన్నాను, వార్త కోసం అక్కడికి వెళ్లిన నేను.

"తాళాలు ఎవురికియ్యల్లన్నా? ఇది కట్టిన కంట్రాక్టరేమో పంచాయితీ ఆఫీసుకియ్యమంటాడు. ఆఫీసోళ్లు మాకింకా అప్పజెప్పల్యా అంటాండారు. సంతకం పెట్టి తీసుకునింది నేను. ఒక్క మోటరు పోయినా నన్నే గదా పట్టుకునేది? నువ్వన్నా పేపర్లో రాయన్నా, ఎవురో ఒకరు వచ్చి తీసుకుంటారు."

రాశాను. ఇరుసు తిప్పుతున్న అతని ఫొటో కూడా వేశాం. వారంలోనే అధికారులు జీపులో వచ్చారు. మోటార్లు తుప్పు పట్టకుండా ఉండటం చూసి ముచ్చటపడ్డారు. అతనికి శాలువా కప్పి, ఇంకొకరు దొరికేదాకా ఇక్కడి నుంచి కదలవద్దని చెప్పి వెళ్లిపోయారు.

మరుసటి నెలలో వెళ్లాను. డెయిరీలో ఆ పని వేరేవాళ్లకు ఇచ్చేశారు. నన్ను చూసి అతనే కుర్చీ తుడిచి వేశాడు.

"కూర్చోన్నా. బాగ రాసినావు. ఊర్లో అందురూ చదివినారు."

నా జేబులోని పెన్ను వైపు చూశాడు.

"ఇంగ మాత్రం ఏం రాయొద్దన్నా."