కష్టం చాల్లేదన్న సెక్రటరీ గారు

మా ట్రస్టు సెక్రటరీ గారు పోయారని కార్డు వచ్చింది. ఎలమంచిలిలో నేను పాఠాలు చెప్పే స్కూలు అడ్రసుకి వచ్చింది. కింద ఇంకో రెండు లైన్లు. స్మారక సంచిక వేస్తున్నారట, ఆయన సాయంతో చదువుకున్నవాళ్ళు కృతజ్ఞతగా ఒక పేజీ రాసి పంపాలట. చదివి బల్ల మీద బోర్లా పెట్టేశాను. ఏడుపు రాలేదు. పోయాక కూడా ఈయన నాచేత ఉత్తరం రాయించడం మానలేదే అని ఒళ్ళు మండింది.

మీరు ఆయన్ని ఎరగరు కాబట్టి చెప్తాను. డెబ్భైలలో విశాఖపట్నంలో ఒక ప్రైవేటు కాలేజీలో నేను బీయెస్సీ చదివాను. మా నాన్న పోర్టులో కళాసీ. నేను ఫస్టియర్లో ఉండగా బస్తాలెత్తే వల తెగి మీద పడి ఆయన కుడి భుజం విరిగి, ఆ చెయ్యి పైకి లేవకుండా పోయింది. తరవాత ఒక గోడౌను దగ్గర కాపలా కూర్చునేవాడు. ఆ జీతం బియ్యానికి సరిపోయేది గానీ ఫీజుకి ఎక్కడిది? ఊళ్ళో వ్యాపారస్తులు కొందరు కలిసి పెట్టిన ట్రస్టు మాలాంటి వాళ్ళ ఫీజులు కట్టేది. వాళ్ళు కట్టకపోతే సెకండియర్లో నా పేరు కొట్టేస్తారు. ఆ ట్రస్టుకి ఈయన సెక్రటరీ.

అప్లికేషను ఒక్కటే అయితే బాధ లేకపోను. ప్రతి టర్ముకీ దాతల పేర సొంత దస్తూరీతో ఉత్తరం రాయాలి. ఇల్లెలా ఉంది, ఏం తింటున్నాం, వాళ్ళే లేకపోతే ఏమైపోయేవాళ్ళం, అన్నీ రాయాలి. పాతూళ్ళో ఆయన ఇంటి అరుగు మీద ఆదివారం పొద్దున్నే వరసగా కూర్చునేవాళ్ళం. వచ్చిన ప్రతివాళ్ళ కాళ్ళ వంకా ముందు చూసేవారు. చెప్పులు కొత్తగా కనిపిస్తే, ఎవరు కొన్నారో చెప్పేదాకా వదిలేవారు కాదు. ఆదివారాలు నేను మా అమ్మ పాత చెప్పులు వేసుకుని వెళ్ళేదాన్ని.

నా మొదటి ఉత్తరం చదివి నా ఒళ్ళో పడేశారు.

"ఏటమ్మా ఇది? ఇందుల కష్టం సాల్లేదు. మీ నాన్న ఏటి సేత్తన్నాడు?"

"గోడౌను కాడ కాపలా అండి."

"కాపలా అని రాత్తే ఎవుడి మనసు కరుగుద్ది? ఏ పనికీ రాడని రాయి."

"పని సేత్తన్నాడు గదండీ."

"నీకు ఫీజు కావాలా, మీ నాన్న పరువు కావాలా?"

అంతే, ఎర్ర పెన్సిలు తిప్పుకుంటూ పక్క పిల్ల దగ్గరికి వెళ్ళిపోయారు. నేను రాశాను.

ఆయన ట్రస్టు సొమ్ములో చిల్లిగవ్వ ముట్టారని మాత్రం ఎవరూ అనలేరు. గడువు ఆఖరి రోజున ఎండలో సైకిలు తొక్కుకుంటూ వచ్చి, మా అందరి ఫీజులూ తనే కట్టి, రసీదులు మా చేతుల్లో పెట్టేవారు. "కనబడని కష్టానికి ఎవుడిత్తాడు?" అనేవారు, ఎవరేం అడిగినా. ఒకసారి సింహాచలం వెళ్తూ బస్సులోంచి చూశాను. ఓ దాత గారి మేడ ముందు, చెప్పులు విడిచి, మా ఉత్తరాల కట్ట గుండెకి ఆనించుకుని నిలబడి ఉన్నారు. దర్శనం చేసుకుని తిరిగొస్తూ చూసినా అక్కడే ఉన్నారు. జాలేసింది, కోపం మాత్రం తగ్గలేదు. అలా చెయ్యి చాపడంలో చిన్నతనం తనకి తెలిసి కూడా మాచేత అదే ఎందుకు చేయించారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

సెకండియర్ చివర్లో ట్రస్టు వార్షిక సభ పెట్టారు. తల్లిదండ్రులతో రమ్మన్నారు. నాన్నకి అమ్మ ఇస్త్రీ చొక్కా తొడిగి గుండీలు పెట్టి పంపింది. ఉత్తరాలు దాతల ఇళ్ళకే పోతాయనుకున్నాను. సెక్రటరీ గారు మైకు ముందు నిలబడి, నా పేరు చెప్పి మరీ, నా ఉత్తరం చదివారు. "మా నాన్న ఏ పనికీ రారు. ఇంట్లో ఉన్నా లేనట్టే." బాగా చదివారు, గొంతు వణికించి మరీ చదివారు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో నాన్న, "నీ ఉత్తరం బాగుందమ్మా. ముందు వరసలోళ్ళు కళ్ళు తుడుసుకున్నారు" అన్నాడు. ఆ తరవాత పోయేదాకా ఆ ఊసెత్తలేదు.

ఇన్నేళ్ళూ సెక్రటరీ గారిని తిట్టుకుంటూ ఒక సంగతి దాచాను. ఆ రెండు వాక్యాల్లో మొదటిదే ఆయనది. ఇంట్లో ఉన్నా లేనట్టే అన్నది నాది. ఆయన అడగలేదు. కష్టం ఇంకా చాల్లేదేమోనని నేనే కలిపాను. ఆయన దాని పక్కన ఎర్ర పెన్సిలుతో "బాగు" అని రాస్తే సంతోషపడ్డాను కూడా.

సెక్రటరీ గారూ, మీరు కట్టిన ఫీజుతోనే ఈ ఉద్యోగం, ఈ అన్నం. అందుకు దణ్ణం పెడతాను. క్షమించడం నావల్ల కాదు, మిమ్మల్నైనా, నన్నైనా. ఇందులో కృతజ్ఞత చాల్లేదని మీరుంటే ఈ పేజీ నా ఒళ్ళో పడేసేవారు. ఈసారి మాత్రం తిరగరాయను.

మీ పేరు వింటే నాకు ఆ హాలే గుర్తొస్తుంది. మీరు చదవడం అయిపోయింది. అందరూ చప్పట్లు కొడుతున్నారు. మూడో వరసలో మా నాన్న. కుడి చెయ్యి పైకి లేవదు కదా, దాన్ని ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని, ఎడం చేత్తో దాని మీద కొడుతున్నాడు. అందరూ ఆపేశాక కూడా కొడుతూనే ఉన్నాడు.